ఎడమ తలుపు

2వ తారీఖు

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ క్షేమమనే తలుస్తాను. తలవడం తప్ప తెలుసుకునే దారి లేదు కదా.

మనిద్దరం జన్మలో మాట్లాడుకోకూడదని ఏడేళ్ల కిందట గేటు దగ్గర నిలబడి అనుకున్న మాట నాకు గుర్తుంది. నేను మాట తప్పే మనిషిని కాను. అయితే ఆ రోజు మనం "మాట్లాడను" అన్నామే గాని "రాయను" అనలేదు. రెండు రోజులు బాగా ఆలోచించుకునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

విషయం ఏమిటంటే, మీ అక్క కారుకి ఎడమవైపు ముందు తలుపు ఊడింది. పూర్తిగా ఊడలేదు. కింది మడతబందు గట్టిగానే ఉంది. పైబందు కూర్చునే పట్టీ మాత్రం కారు స్తంభం నుంచి చిరిగి, రేకుతో సహా బయటికొచ్చేసింది. తలుపు ఒక పక్కకి ఒరిగి తాగినవాడిలా నిలబడుతోంది. ప్రస్తుతానికి బట్టలారేసే తాడుతో కట్టి ఉంచాను.

ఈ పని ఇంటి దగ్గరే, నా చేతులతో నేనే చేసుకుందామని ఉంది. ముప్పయ్యారేళ్లు ఆఫీసులో ప్లాన్లు గీసినవాణ్ణి, చెప్పింది చెప్పినట్టు చేయగలను. నువ్వు వెల్డింగు తెలిసినవాడివి. వరసగా ఏమేం చేయాలో రాసి పంపు. ఈ నెల ఇరవయ్యెనిమిదిన ఒకాయన బండి చూస్తాడు. ఆ లోపు తలుపు సరిగ్గా తెరుచుకోవాలి, సరిగ్గా మూసుకోవాలి.

చిరిగిన చోటుని సగం కొలతలో, పై నుంచి, పక్క నుంచి, ముందు నుంచి గీసి మూడు బొమ్మలు జత చేశాను.

ఇట్లు,
మీ బావ

తా.క. మీ అక్క పోయిన రోజున నువ్వూ నేనూ చెరో పక్క నిలబడి ఒక్క మాటా అనుకోలేదు. ఆ సంగతి ఎత్తడానికి ఈ ఉత్తరం రాయలేదు. తలుపు గురించే రాశాను.

5వ తారీఖు

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. రాయను అనలేదన్నది నిజమే. అనుంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది, ఎందుకంటే నాకు రాయడం అలవాటు లేదు. షాపులో పని ఆపి పెన్ను వెతుక్కోవడానికే ఒక పూట పట్టింది.

బందు పట్టీ దానంతటది చిరగదు. ఆ కారు రేకు గట్టిది. ఎవరో ఒకరు బలంగా లాగితేనే చిరుగుతుంది. ఎలా చిరిగింది? ఎవరు లాగారు? అది తెలియకుండా వైద్యం చెప్పమంటే ఎలా?

ఇంకో సంగతి. ఇరవయ్యెనిమిదిన బండి చూసేదెవరు? ఎందుకు చూస్తాడు?

ముందు ఇవి చేయండి. బ్యాటరీ తీగలు ఊడదీయండి. తలుపు కింద ఒక స్టూలు పెట్టి, దాని మీద మడతపెట్టిన గోనెసంచి వేసి, తలుపు బరువు దాని మీదికి తీసుకోండి. బందులు ఎక్కడెక్కడ కూర్చున్నాయో చుట్టూ పెన్సిలుతో గీత గీయండి. మళ్లీ బిగించేటప్పుడు అదే మనకి గుర్తు. గీతలంటే మీకిష్టమే కదా. ఆ తర్వాత బోల్టులు విప్పి, ఇద్దరు పట్టుకుని తలుపు దించండి. ఒక్కరే ఎత్తబోయి నడుం విరగ్గొట్టుకోవద్దు. కారు తలుపు చూసినంత తేలిగ్గా ఉండదు.

ఇట్లు,
బావమరిది

తా.క. మీ బొమ్మల్ని ఒక రోజంతా తలకిందులుగా పట్టుకుని చూశాను. తలకిందులుగా కూడా బాగానే ఉన్నాయి. ఆ గేటు బొమ్మ కూడా ఇలాగే బాగుండేది.

8వ తారీఖు

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

తలుపు దించాను. పక్కింటి నర్సుగారు సాయం పట్టారు. మనుషుల్ని మంచం మీంచి దించడం అలవాటున్న మనిషి కాబట్టి "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి మరీ ఎత్తించారు. తలుపు ఏమాత్రం నొచ్చుకోలేదు. బందుల చుట్టూ సన్నమొన పెన్సిలుతో గీత గీశాను. బోల్టుల్ని విప్పిన వరసలోనే సీసా మూతల్లో పెట్టి నంబర్లు వేశాను. దించేటప్పుడు తలుపు లోపల ఏదో గలగలమంది. ఊపితే మళ్లీ గలగలమంది. ఏమై ఉంటుంది?

ఎలా చిరిగిందని అడిగావు. గాలికి. ఆ రోజు గాలి బాగా ఎక్కువగా ఉంది.

ఇరవయ్యెనిమిదిన చూసే ఆయన చాలా పట్టింపు మనిషని విన్నాను. ప్రతి తలుపూ మూడుసార్లు తీసి వేసి చూస్తాడట. అంతా సరిగ్గా ఉంటే సంతకం పెడతాడు. ఆ సంతకం పడితే ఈ కారు గురించి నా బెంగ తీరిపోతుంది.

తర్వాత చేయాల్సిన పని రాయి.

ఇట్లు,
మీ బావ

తా.క. నువ్వు బొమ్మలు తలకిందులుగా చూస్తావని ఏడేళ్ల కిందటే తెలిసుంటే, సందు కన్నా గేటు రెండంగుళాలు పెద్దదెందుకయిందో అప్పుడే అర్థమయ్యేది. అది ఈ రోజుకీ మూసుకోదు. దానికీ తాడే కట్టాను.

10వ తారీఖు

బావగారికి నమస్కారాలు.

గాలికి చిరిగిందన్నారు. నేను ముప్పయ్యేళ్లుగా వెల్డింగు చేస్తున్నాను. గాలికి లేచిపోయిన గుడారం చూశాను. గాలికి ఎగిరిన రేకుల కప్పు చూశాను. మూసి ఉన్న కారు తలుపు స్తంభం రేకుతో సహా గాలికి చిరగడం ఎక్కడా చూడలేదు.

మీరు చెప్పకపోయినా నాకర్థమైంది. ఎవడో చూస్తాడు, తీసి వేస్తాడు, సంతకం పెడతాడు, మీ బెంగ తీరిపోతుంది. అక్క పోయి పదమూడు నెలలైంది, అంతే. ఆమె బండి అమ్మేస్తున్నారు. అవునో కాదో ఒక్క ముక్క రాయండి.

గేటు మాట మీరే ఎత్తారు కాబట్టి నేనూ చెబుతాను. మీరిచ్చిన బొమ్మలో ఎనిమిదడుగుల రెండంగుళాలని రాసి ఉంది. నేను ఎనిమిదడుగుల రెండంగుళాలే చేశాను. తీరా సందు ఎనిమిదడుగులే ఉంటే అది నా తప్పా? గీసినవాళ్లని వదిలేసి చేసినవాణ్ణి పట్టుకుంటే ఎలా?

ఇక తలుపు సంగతి. చిరిగిన రేకు బెదిరి ఉంటుంది. వెంటనే నిప్పు తగిలిస్తే మళ్లీ అక్కడే చిరుగుతుంది. దానికి తొమ్మిది రోజులు విశ్రాంతి కావాలి. తలుపుని ఇంట్లోకి తీసుకెళ్లి దూదిపరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పైన దుప్పటి కప్పండి. గాలి తగలనివ్వకండి, మీ తలుపుకి గాలి పడదు కదా. రోజూ పొద్దున పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. లోపల గలగలమనేదాన్ని కదిలించొద్దు. ఇదంతా పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్న రహస్యం, ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇట్లు,
బావమరిది

తా.క. అక్క ఉన్నప్పుడు ప్రతి ఆదివారం పదకొండింటికి మా షాపు ఎదురుగా ఆ కారు ఆగేది. ఆమె లోపలికొచ్చేది. మీరు రాకుండా రెండు గంటలసేపు అందులోనే కూర్చుని పేపరు చదివేవారు. ఆమె మోకాళ్లు పాడయ్యాక మీరు దిగి, చుట్టూ తిరిగొచ్చి, ఎడమ తలుపు తీసి పట్టుకునేవారు. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. టైర్లలో గాలి ఉందో లేదో చూడ్డానికి.

15వ తారీఖు

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఇంట్లో దూదిపరుపు ఒక్కటే ఉంది, అది పడకగదిలో మంచం మీద ఉంది. అందుచేత పన్నెండో తారీఖు పొద్దున తలుపుని మంచానికి ఎడమవైపు పడుకోబెట్టాను. నేను పడుకునేది కుడివైపు కాబట్టి ఇబ్బంది లేదు. పూల దుప్పటి కప్పాను. అద్దం దగ్గర దుప్పటి జారుతుంటే ఒక దిండు ఆనించాను. రోజూ ఏడింటికి తుడుస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం ఒక చిన్న సంఘటన జరిగింది. నర్సుగారు నా బీపీ చూడటానికి వచ్చారు. నేను వంటింట్లో ఉన్నాను. పడకగదిలో దుప్పటి కప్పుకుని, దిండు పెట్టుకుని, కదలకుండా ఉన్న ఆకారాన్ని చూసి ఆవిడ నేనే అనుకున్నారు. రెండుసార్లు పిలిచారట. పలకకపోయేసరికి గాభరాపడి, దుప్పటి లోపలికి చెయ్యి పెట్టి నాడి వెతికారు. చేతికి తలుపు పిడి తగిలింది. చల్లగా ఉంది. ఆవిడ వేసిన కేకకి నేను గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాను. నన్ను చూసి ఇంకో కేక వేశారు.

తర్వాత నా బీపీ సంగతి అటుంచి నేనే ఆవిడని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. విశ్రాంతి గురించి వివరంగా చెప్పాను. ఆవిడ మంచినీళ్లు పూర్తిగా తాగారు. చివరికి "ఎన్ని రోజులు చెప్పారు?" అని మాత్రం అడిగి వెళ్లిపోయారు.

గాలి అని రాయడం నా పొరపాటే. నిజానికి ఒక లావుపాటి పెద్దమనిషి దారిలో కళ్లు తిరిగి తలుపు పట్టుకుని వేలాడారు.

అమ్ముతున్నానో లేదో ఒక్క ముక్క రాయమన్నావు. అది ఒక్క ముక్కలో రాసే విషయం కాదు. కాగితం కూడా అయిపోవచ్చింది.

ఇట్లు,
మీ బావ

తా.క. టైర్లలో గాలి అప్పుడూ సరిగ్గానే ఉండేది, ఇప్పుడూ సరిగ్గానే ఉంది.

17వ తారీఖు

బావగారికి నమస్కారాలు.

కాగితం అయిపోవచ్చిందని రాశారు. కింద జానెడు తెల్లగా ఉంది. కొలిచాను.

మొదట గాలి అన్నారు. ఇప్పుడు లావుపాటాయన అంటున్నారు. వచ్చే ఉత్తరంలో ఏనుగు వస్తుందేమో. అబద్ధానికి కూడా ఒక కొలత ఉండాలి, అందులోనూ ప్లాన్లు గీసినవాళ్లకి. ఉన్నదున్నట్టు చెప్పండి.

విశ్రాంతి అయ్యాక చేయాల్సింది రాస్తున్నాను. స్తంభం మీద చిరిగిన చోట రంగు, తుప్పు పూర్తిగా పోవాలి. మిషను పనికిరాదు. నూట ఇరవై నంబరు గరుకు కాగితంతో, చేత్తో, పైనుంచి కిందికి మాత్రమే రుద్దాలి. కింది నుంచి పైకి ఒక్కసారి రుద్దినా పని మొదటికొస్తుంది. రోజుకి పావుగంట చొప్పున పద్నాలుగు రోజులు. ఇరవయ్యెనిమిది దాటుతుందంటారు. దాటనివ్వండి. ఆ సంతకాలాయన వేరే తలుపు చూసుకుంటాడు.

బావగారూ, ఒక సంగతి సూటిగా అడుగుతాను. అక్క వచ్చినప్పుడల్లా నాతో అనేది, "మీ బావ నీ గురించి అడిగాడురా, కళ్లద్దాలు పెట్టుకునే వెల్డింగు చేస్తున్నాడా అని అడిగాడు" అని. నేను పైకి విననట్టే ఉండేవాణ్ణి. ఆ పూట మాత్రం కళ్లద్దాలు తీసేవాణ్ణి కాదు. మీరు నిజంగా అడిగేవారా?

ఆమె పోయాక ఆదివారాలు పదకొండింటికి నేను ఇప్పటికీ రోడ్డుకేసి చూస్తున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆ కారు ఎవడికో పోతే ఇక చూడటానికి కూడా ఏమీ ఉండదు. అమ్మక తప్పదనుకుంటే నాకివ్వండి. నాకు నడపడం రాదు. ఎదురుగా నిలబెట్టుకుంటాను.

ఇట్లు,
బావమరిది

తా.క. నర్సుగారికి ఈసారి నాడి దొరికితే నాకు తప్పకుండా రాయమనండి.

21వ తారీఖు

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

తొమ్మిది రోజులు పూర్తయ్యాయి. నాడి దొరకలేదు. గరుకు కాగితం పని మొదలుపెట్టాను. పైనుంచి కిందికే రుద్దుతున్నాను. ఒకసారి తుమ్ము వచ్చి చెయ్యి పైకి పోయింది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలో లేదో చెప్పు.

ఇరవయ్యెనిమిది మారదు. పదింటికి చూస్తాడు.

మలుపు దగ్గర మెకానిక్‌ని అడిగితే ఇరవయ్యేడో తారీఖున వచ్చి అరగంటలో అతికించేస్తానన్నాడు. పైనుంచి కిందికా, కింది నుంచి పైకా అని అడిగితే నా మొహంకేసి చూశాడు. మనిషి మంచివాడే. కాకపోతే సిగరెట్టు నోట్లో పెట్టుకునే వెల్డింగు చేస్తాడు. ఒక్క చోటే నిప్పు ఎక్కువై రేకుకి బెజ్జం పడితే దాని మీద ఇంకో మాసిక వేస్తాడట, అది మళ్లీ కరిగితే ఇంకో మాసిక. నువ్వేమంటావు?

మీ అక్క మాటల గురించి నువ్వడిగిన దానికి జవాబుంది. ఇప్పుడు రాయను.

ఇట్లు,
మీ బావ

తా.క. కాగితం నిజంగానే అయిపోయింది. ఈసారి కింద జాగా లేదు, కావాలంటే కొలుచుకో.

23వ తారీఖు

బావగారికి నమస్కారాలు.

వాణ్ణి ఆ కారు మీద చెయ్యి వేయనివ్వొద్దు. ఇరవయ్యేడో తారీఖు పొద్దున మొదటి బస్సుకి మిషనుతో నేనే వస్తున్నాను. అమ్ముకుంటే అమ్ముకోండి. అక్క ఎక్కి దిగిన తలుపుకి మాసికలు పడితే మాత్రం నేను చూడలేను.

అయితే ఒక షరతు. నేను మాట్లాడను. మీరూ మాట్లాడొద్దు. బానెట్ మీద కాగితాలూ పెన్సిలూ పెట్టి ఉంచండి. తిన్నావా అని అడగొద్దు, అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. తినడానికేమైనా ఉంటే ఎదురుగా పెట్టి వెళ్లిపోండి.

ఇట్లు,
బావమరిది

తా.క. తుమ్ము లెక్కలోకి రాదు. విశ్రాంతి గురించి ఆ మెకానిక్‌తో చెప్పకండి. రహస్యం.

27వ తారీఖు, బానెట్ మీద చీటీలు

బావగారికి నమస్కారాలు. వచ్చాను. గేటు ఇంకా తాడుతోనే కట్టి ఉంది. మీకు తాళ్లు బాగా కలిసొచ్చాయి. ఇట్లు, బావమరిది.

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు. టీ స్టూలు మీద పెట్టాను. తాగుతావా అని అడగలేదు, గమనించు. ఇట్లు, బావ.

బావగారికి నమస్కారాలు. స్తంభం చూశాను. రేకు అద్దంలా మెరుస్తోంది. నిజంగా పైనుంచి కిందికే రుద్దారా? ఇట్లు, బావమరిది.

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు. నువ్వు రాశావు కదా. ఇట్లు, బావ.

బావగారికి నమస్కారాలు. పగులు ఇంకా పాకకుండా చివర్న చిన్న బెజ్జం వేశాను. వెనక నుంచి మందపాటి రేకు ఆనించి, చుక్క చుక్కగా అతుకుతున్నాను. చుక్కకీ చుక్కకీ మధ్య చల్లారనివ్వాలి. మీరు నిప్పుకేసి చూడకండి. ఇట్లు, బావమరిది. తా.క. చూస్తున్నారు.

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు. నిప్పుకేసి చూడటం లేదు. నువ్వు కళ్లద్దాలు పెట్టుకున్నావో లేదో చూస్తున్నాను. ఇట్లు, బావ.

27వ తారీఖు, సాయంత్రం

బావా,

నువ్వు స్నానానికి లోపలికెళ్లినప్పుడు ఇది రాసి వైపరు కింద పెడుతున్నాను. నువ్వొచ్చేసరికి నేను బస్సు దగ్గరుంటాను.

తలుపు ఎత్తి పట్టుకున్నప్పుడు మనిద్దరికీ చేతులు ఖాళీ లేవు. చీటీ రాయడం కుదరదు. ఎంత పైకెత్తాలో నేను చెప్పాలి, నువ్వు వినాలి. నేను గొంతు సవరించుకున్నాను. నువ్వూ సవరించుకున్నావు. ఇద్దరం అలా సవరించుకుంటూనే ఉన్నాం. ఇంతలో బందు దానంతటదే వెళ్లి నీ పెన్సిలు గీతలో కూర్చుంది. వెంట్రుక వాసి తేడా లేదు. నా కన్ను చూపించిన చోటూ, నీ గీత చూపించిన చోటూ ఒక్కటే. మరి గేటు దగ్గర రెండంగుళాలు ఎక్కడికి పోయాయా అని అప్పుడే అనుకున్నాను.

నువ్వు లోపలికెళ్లాక గలగల సంగతి చూద్దామని తలుపు లోపలి అట్ట విప్పాను. అక్క ఇనప టేపు దొరికింది. సామాన్లు పెట్టుకునే అర వెనక, అట్ట పగిలిన చోట లోపలికి జారి ఉంది. సీటు మీద పెట్టాను, లాగి చూడు. చివర కొక్కెం లేదు. మొదటి రెండంగుళాలు విరిగిపోయాయి. ఆ టేపు రెండు దగ్గర మొదలవుతుంది.

గేటు సందు కొలిచిందెవరో గుర్తు తెచ్చుకో. నువ్వు ఆఫీసులో ఉన్నావు. నేను షాపులో ఉన్నాను. అక్క కొలిచి నీకు అంకె చెప్పింది. ఎనిమిదడుగుల సందు ఆ టేపుకి ఎనిమిదడుగుల రెండంగుళాలుగా కనబడింది. నువ్వు ఆ అంకె సరిగ్గా గీశావు. నేను సరిగ్గా చేశాను. ఇద్దరం సరిగ్గా చేసి ఏడేళ్లు పోగొట్టుకున్నాం బావా.

ఇది చూశాక ఏడుపు ఆగలేదు. నీ ఎదుట నిలబడలేను. అందుకే చెప్పకుండా వెళ్తున్నాను. తలుపు గట్టిగా ఉంది, రేపు ఎవడు తీసి చూసినా వంక పెట్టలేడు. ఆ కారు అమ్ముడుపోవడానికి చివరికి నా చెయ్యే సాయం చేసింది.

ఇట్లు,
బావమరిది

తా.క. విశ్రాంతి అబద్ధం. పైనుంచి కిందికి కూడా అబద్ధం. అమ్మకం ఆలస్యమవుతుందని అలా రాశాను. నర్సుగారికి నా తరఫున క్షమాపణ చెప్పు.

29వ తారీఖు

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాయునది.

నిన్న పదింటికి ఆయన బండి చూశాడు. ఆయన కొనేవాడు కాదు. కారుకి పదిహేనేళ్లు నిండాయి. ఇంకా రోడ్డు మీద తిరగనివ్వాలా, తుక్కుకి పంపాలా అని తేల్చే ఆఫీసరు. ఒక్క తలుపు సరిగ్గా పడకపోయినా తుక్కే. నీ పద్నాలుగు రోజులూ నేను పూర్తిగా రుద్ది ఉంటే, మీ అక్క కారు పోకూడదని నువ్వు పడ్డ పాట్లతోనే అది తుక్కుకి పోయేది.

ఎడమ తలుపు మూడుసార్లు తీసి వేశాడు. మూడోసారి చెవి దగ్గర పెట్టి విన్నాడు. "ఎవరు చేశారు?" అన్నాడు. "మా బావమరిది" అన్నాను. ఏడేళ్లలో ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. ఇంకో అయిదేళ్లు తిరగొచ్చని సంతకం పెట్టాడు.

నువ్వు కొనేవాడనుకుంటున్నావని పదో తారీఖు ఉత్తరంలోనే నాకు తెలిసింది. ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాస్తే నువ్వు పని రెండు ముక్కల్లో చెప్పేసి ఉత్తరాలు ఆపేసేవాడివి. నీ మొదటి ఉత్తరం ఒక పేజీ. కోపం వచ్చేకొద్దీ పేజీలు పెరిగాయి. ఈ ఇంటికి పదమూడు నెలల్లో కరెంటు బిల్లు తప్ప వేరే కాగితం రాలేదు. అందుకని రాయలేదు. మెకానిక్ పేరు చెబితే నువ్వే వస్తావని కూడా తెలుసు. అతను అసలు సిగరెట్టే తాగడు.

విశ్రాంతి అబద్ధమని పదమూడో తారీఖునే ఆ మెకానిక్ చెప్పాడు. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. అయినా తొమ్మిది రోజులూ ఉంచాను. మంచానికి ఆ పక్క పదమూడు నెలలుగా ఖాళీ. చెయ్యి వేస్తే ఏమీ తగలదు. ఆ తొమ్మిది రోజులు ఏదో ఒకటి తగిలేది. చల్లగా, గట్టిగా ఉండేది గానీ, ఆమె తలుపు కదా. తీసేయడానికి మనసొప్పక పదో రోజు కూడా ఉంచాను, నీకు రాయలేదు.

ఇక తలుపు ఎలా చిరిగిందో చెబుతాను. గాలి కాదు. లావుపాటాయన కాదు. నేనే. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. కారు ఆపి, దిగి, అలవాటుగా చుట్టూ తిరిగొచ్చి ఎడమ తలుపు లాగాను. రాలేదు. పదమూడు నెలలు ఎవరూ తీయక బందు తుప్పు పట్టి బిగిసిపోయింది. నేనేమో ఆమె లోపలినుంచి లాకు వేసుకుందనుకున్నాను. "లాకు తియ్యవే, ఎంతసేపు" అని కసిరాను కూడా. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. కాలు అడ్డుపెట్టి రెండు చేతులతో లాగాను. చిరిగింది. తలుపు తెరుచుకుంది. సీట్లో ఎవరూ లేరు. తలుపు చిరిగినందుకు కాదు, కసిరినందుకు బాధపడ్డాను. ఎవరికైనా చెప్పుకుందామంటే ఆ బాధ తెలిసేది నీకొక్కడికే. అందుకే ఆ వారమే నీకు మొదటి ఉత్తరం రాశాను.

నువ్వడిగిన దానికి జవాబు. కళ్లద్దాల గురించి నేనెప్పుడూ అడగలేదు. ఒక్కసారి కూడా. నాతో మాత్రం మీ అక్క ప్రతి ఆదివారం కారెక్కగానే అనేది, "తమ్ముడు మీ బీపీ ఎలా ఉందని అడిగాడు" అని. నువ్వూ అడిగి ఉండవు. గేటు కొలత ఆమె తెలియక చేసిన తప్పు. ఈ కబుర్లు మాత్రం తెలిసే చెప్పింది. గేటు పెట్టిన వారానికే కొత్త టేపు కొంది, పాతది పోయిందని చెప్పింది. పోయిందో, దాచిందో. నిజం చెప్పి ఉంటే ఆ రోజు నేను ఆమెని వదిలిపెట్టేవాణ్ణి కాదు, నా సంగతి నాకు తెలుసు.

ఈ ఆదివారం పదకొండింటికి కారు మీ షాపు ఎదురుగా ఆగుతుంది. పేపరు తీసుకురావడం లేదు. ఎడమ తలుపు నువ్వే తీసుకుని ఎక్కు. మెల్లగా లాగు.

ఇట్లు,
మీ బావ

తా.క. గేటు రెండంగుళాలు కోయాలి. ఈసారి సందు మళ్లీ కొలిచాకే. టేపుకి ఒక చివర నువ్వు పట్టుకోవాలి, ఇంకో చివర నేను పట్టుకోవాలి. చేతులు ఖాళీ ఉండవు. అంకె ఎంతో ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. నేనే చెబుతాను.